పెద్ద సంఖ్యను కాగితం మీద విప్పడం ఎలా: 98,76,54,321తో మొదటి నుంచి చివరి దాకా

కాలిక్యులేటర్ చేతిలో ఉన్నప్పుడు 9 నుంచి 1 దాకా వరసగా నొక్కి చూడనివాళ్లు తక్కువే. అలా వచ్చే సంఖ్య 98,76,54,321. తొంభై ఎనిమిది కోట్ల డెబ్భై ఆరు లక్షల యాభై నాలుగు వేల మూడు వందల ఇరవై ఒకటి. చూడ్డానికి చక్కగా ఉంది, సరే. లోపల ఏముంది? ఏ సంఖ్యలు దీన్ని భాగిస్తాయి, ఎన్ని ఉన్నాయి, ఇది రెండు వర్గాల మొత్తం అవుతుందా? ఇవన్నీ కాగితం, పెన్నుతోనే తేల్చవచ్చు. ఎలాగో ఈ ఒక్క సంఖ్యనే పట్టుకుని చూపిస్తాను. ఇదే దారి మీకు నచ్చిన వేరే పెద్ద సంఖ్యకూ పనికొస్తుంది.

ముందుగా ఒక మాట. పెద్ద సంఖ్య గురించి మనం అడిగే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు దాని ప్రధాన కారణాంకాల్లోనే ఉంటుంది. అవి దొరికాక మిగతా పని నిమిషాల్లో అయిపోతుంది. అందుకే ఈ వ్యాసంలో సగానికి పైగా కారణాంకాల వేట గురించే ఉంటుంది. అక్కడ ఓపిక పట్టండి.

కావలసినవి: గీతల నోటుబుక్కు, పెన్ను, 616 లోపు ప్రధాన సంఖ్యల పట్టిక. ఈ 616 ఎక్కడి నుంచి వచ్చిందో కాసేపట్లో తెలుస్తుంది. పట్టిక మీరే తయారు చేసుకుంటే ఇంకా మంచిది. 2 నుంచి 616 దాకా అంకెలు రాసి, 2 ఉంచి దాని గుణిజాలు కొట్టేయండి. తర్వాత 3 ఉంచి దాని గుణిజాలు, ఆ తర్వాత 5, 7, 11, 13, 17, 19, 23. అక్కడ ఆపవచ్చు, ఎందుకంటే 29 వర్గం 841, అది 616 దాటిపోయింది. కొట్టేయకుండా మిగిలినవి 112 ఉండాలి. తక్కువో ఎక్కువో వస్తే ఎక్కడో పొరపాటు జరిగినట్టే.

మొదటి మెట్టు: కొలత

తొమ్మిది అంకెలు. 2ను 29 సార్లు హెచ్చిస్తే 53,68,70,912, 30 సార్లు హెచ్చిస్తే 107,37,41,824. మన సంఖ్య ఈ రెండింటి మధ్య ఉంది కాబట్టి కంప్యూటర్ దీన్ని 30 బిట్లలో, అంటే 0, 1 మాత్రమే వాడే 30 స్థానాల్లో, రాసుకుంటుంది.

తర్వాత వర్గమూలం. 31,426 వర్గం 98,75,93,476. 31,427 వర్గం 98,76,56,329. మన సంఖ్య వీటి మధ్య పడింది, రెండోదానికి 2,008 మాత్రమే తక్కువ. అంటే ఇది సంపూర్ణ వర్గం కాదు. ఇంకో ముఖ్యమైన సంగతి కూడా తేలింది. ఒక సంఖ్య రెండు సంఖ్యల లబ్ధం అయితే ఆ రెండిట్లో చిన్నది వర్గమూలాన్ని దాటదు. కాబట్టి 31,426 దాకా వెతికితే చాలు. అయినా ఆ లోపు ప్రధాన సంఖ్యలు మూడు వేలకు పైగా ఉన్నాయి. అన్నింటితో భాగించి చూడాలంటే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. కంగారు పడకండి, ఒక్కో కారణాంకం దొరికే కొద్దీ ఆ హద్దు బాగా కిందికి దిగుతుంది.

రెండో మెట్టు: భాగించకుండానే తేలేవి

చివరి అంకె 1. కాబట్టి 2, 5 లేవు.

అంకెల మొత్తం 45. అది 9తో భాగింపబడుతుంది కాబట్టి సంఖ్య కూడా భాగింపబడుతుంది. 1 నుంచి 9 దాకా అంకెలను ఒక్కోసారి వాడి ఏ వరసలో రాసినా మొత్తం 45 అవుతుంది. అంటే అలా రాయగలిగే తొమ్మిదంకెల సంఖ్యల్లో ఒక్కటి కూడా ప్రధాన సంఖ్య కాదు. మొత్తం 3,62,880 సంఖ్యల గురించి ఒక్క కూడికతో తేలిపోయింది.

9తో భాగిస్తే 10,97,39,369. దీని అంకెల మొత్తం 47. అది 3తో పోదు. కాబట్టి మన సంఖ్యలో 3 సరిగ్గా రెండుసార్లే ఉంది.

ఇప్పుడు 7, 11, 13. వీటికి విడివిడిగా సూత్రాలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. 7 × 11 × 13 = 1001 అని గుర్తుంటే చాలు. సంఖ్యను కుడి వైపు నుంచి మూడేసి అంకెల గుంపులుగా విడదీసి, ఒకటి కలుపుతూ ఒకటి తీసేస్తూ పోవాలి: 321 − 654 + 987 = 654. ఇక 654ను చూస్తే చాలు. 7తో భాగిస్తే శేషం 3, 11తో 5, 13తో 4. మూడూ లేవు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మనం కామాలు లక్షలు, కోట్ల ప్రకారం పెడతాం. 98,76,54,321 అని రాసుకుని కామా ఉన్న చోటల్లా విడగొడితే 98, 76, 54, 321 అనే తప్పుడు గుంపులు వస్తాయి. నేను ఒకసారి వేరే సంఖ్యతో ఇలాగే చేసి, లేని కారణాంకం ఉందనుకుని, రెండు పేజీల లెక్క చింపేయాల్సి వచ్చింది. ఈ పరీక్ష కోసం కామాలు తీసేసి 987 654 321 అని మళ్లీ రాసుకోండి.

అవే గుంపులను తీసివేత లేకుండా కలిపితే 37 సంగతి కూడా తేలుతుంది, ఎందుకంటే 999 = 27 × 37. 987 + 654 + 321 = 1962. దాన్ని మళ్లీ 1 + 962 అంటే 963. 37 × 26 = 962, ఒకటి మిగిలింది. 37 కూడా లేదు.

మూడో మెట్టు: 17 దగ్గర ఆగండి

ఇక్కడి నుంచి మామూలు భాగహారమే. మిగిలిన 10,97,39,369ను 17తో భాగిద్దాం. 109లో 17 ఆరుసార్లు, శేషం 7. 7 దించితే 77, నాలుగుసార్లు, శేషం 9. 3 దించితే 93, అయిదుసార్లు, శేషం 8. 9 దించితే 89, అయిదుసార్లు, శేషం 4. 3 దించితే 43, రెండుసార్లు, శేషం 9. 6 దించితే 96, అయిదుసార్లు, శేషం 11. చివరి 9 దించితే 119. 17 ఏళ్లు 119. శేషం సున్నా.

భాగఫలం 64,55,257. ఇక్కడ చాలామంది సంతోషంలో 19కి వెళ్లిపోతారు. వెళ్లకండి. దొరికిన కారణాంకంతోనే మళ్లీ భాగించి చూడాలి. 64,55,257ను 17తో మళ్లీ భాగిస్తే 3,79,721 వస్తుంది, శేషం మళ్లీ సున్నా. మూడోసారి భాగిస్తే శేషం 9. కాబట్టి 17 కూడా రెండుసార్లే.

ఇప్పటికి 98,76,54,321 = 3² × 17² × 3,79,721.

హద్దు ఎలా దిగిందో చూడండి. మొదట 31,426. 9 పోయాక 10,475. ఒక 17 పోయాక 2,540. రెండో 17 పోయాక 616. ఆ 616 ఇదే: 616 వర్గం 3,79,456, 617 వర్గం 3,80,689. మూడు వేల పైచిలుకు ప్రధాన సంఖ్యల నుంచి 112కు వచ్చాం.

నాలుగో మెట్టు: 3,79,721 ప్రధాన సంఖ్యేనా?

నేరుగా 112 భాగహారాలు చేసినా తప్పు లేదు. కానీ ఆ పనిని సగానికి తగ్గించే దారి ఒకటి ఉంది. నాకు ఈ లెక్క మొత్తంలో అన్నింటికన్నా ఇష్టమైన చోటు ఇదే, కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను.

3,79,721ను 4తో భాగిస్తే శేషం 1. శేషం 1 వచ్చిన సంఖ్య రెండు వర్గాల మొత్తం అయ్యే అవకాశం ఉంది (3 వస్తే అసలు అవకాశమే లేదు). ప్రయత్నిద్దాం. 616 నుంచి కిందికి ఒక్కో వర్గం తీసేస్తూ, మిగిలింది సంపూర్ణ వర్గమేమో చూడాలి.

616 వర్గం తీసేస్తే మిగిలేది 265. తర్వాతి మిగులు కోసం 615 వర్గాన్ని మళ్లీ లెక్కకట్టనక్కర్లేదు. 616 + 615 = 1231 కలిపితే చాలు: 1496. ఆ తర్వాత 1229 కలపండి: 2725. 1227 కలపండి: 3952. 1225 కలపండి: 5177. 1223 కలపండి: 6400.

ఇప్పుడు ఒక్కొక్కటే చూద్దాం. 5తో ముగిసే వర్గం చివర 25 ఉండాలి కాబట్టి 265 కాదు. 1496 ఏమో 38 వర్గం 1444కూ 39 వర్గం 1521కీ మధ్య ఉంది. 2725కి 25 ఉంది గానీ, 52 వర్గం 2704, 53 వర్గం 2809. 3952, 5177 చూడగానే పోతాయి, 2తో గానీ 7తో గానీ ఏ వర్గమూ ముగియదు. 6400 మాత్రం 80 వర్గం!

కాబట్టి 3,79,721 = 611² + 80². ఆరో ప్రయత్నానికే దొరికింది.

దీనివల్ల లాభం ఏమిటో తెలియాలంటే 7ను తీసుకోండి. 7 గుణిజం కాని ఏ సంఖ్య వర్గాన్నైనా 7తో భాగిస్తే శేషం 1, 2, 4లలో ఒకటే వస్తుంది. ఈ మూడింట్లో ఏ రెండింటిని కలిపినా (ఒకే అంకెను రెండుసార్లు కలిపినా సరే) 7 రాదు: 2, 3, 5, 4, 6, 8. అంటే 7 రెండు వర్గాల మొత్తాన్ని భాగించాలంటే ఆ రెండింటినీ విడివిడిగా భాగించాల్సిందే. ఇప్పుడు 13 చూడండి. అక్కడ వర్గాల శేషాలు 1, 3, 4, 9, 10, 12. 1 + 12, 3 + 10, 4 + 9 అన్నీ 13 అవుతాయి. 13కు అడ్డు లేదు.

ఈ తేడా 7కీ 13కీ మాత్రమే కాదు. 4తో భాగిస్తే శేషం 3 వచ్చే ప్రతి ప్రధాన సంఖ్యా 7లాగే ఉంటుంది, శేషం 1 వచ్చే ప్రతిదీ 13లాగే ఉంటుంది. శేషం 1 వచ్చే ప్రతి ప్రధాన సంఖ్యా రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చని ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా 1640 డిసెంబరు 25న తోటి పండితుడు మెర్సెన్‌కు రాసిన లేఖలో చెప్పాడు. నిరూపణ పూర్తి చేసింది స్విస్ గణితవేత్త ఆయిలర్, 1749లో.

మన 611, 80లకు ఉమ్మడి కారణాంకం లేదు: 611 = 13 × 47, 80లో ఉన్నవి 2, 5 మాత్రమే. కాబట్టి 3,79,721ను భాగించగల ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే అది 4తో భాగిస్తే శేషం 1 వచ్చేదే కావాలి. మీ 112 సంఖ్యల పట్టికలో 7, 11, 19, 23, 31 లాంటివన్నీ ఒక్కసారిగా కొట్టేయండి. మిగిలేవి 53. వాటిలో 5, 13, 37 ముందే పోయాయి. 17 కూడా మూడోసారి భాగించినప్పుడే తేలిపోయింది. మిగిలినవి 49 భాగహారాలు: 29, 41, 53, 61, 73... అలా 601, 613 దాకా.

ఇవి మాత్రం చేయాల్సిందే. అడ్డదారి లేదు. ఒక్కో సంఖ్య పక్కన వచ్చిన శేషం కూడా రాసుకుంటూ వెళ్లండి, వట్టి టిక్కు పెట్టి వదిలేయకండి. తర్వాత అనుమానం వస్తే శేషం ఉన్నచోట ఒక్క గుణకారంతో సరిచూసుకోవచ్చు. మీ లెక్క సరిపోల్చుకోవడానికి కొన్ని: 29తో శేషం 24, 101తో 62, 241తో 146, 401తో 375, 613తో 274. దారిలో 349 దగ్గర శేషం 9, 373 దగ్గర 7, 509 దగ్గర కూడా 7 వస్తాయి. ఆ చోట్ల గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. కానీ శేషం చిన్నదైనంత మాత్రాన ఏమీ కాదు, సున్నా అయితేనే లెక్క.

ఒక్కటి కూడా సున్నా ఇవ్వదు. 3,79,721 ప్రధాన సంఖ్య. విప్పడం పూర్తయింది.

అయిదో మెట్టు: కారణాంకాల నుంచి వచ్చేవి

మొత్తం భాజకాలు ఎన్ని? ప్రతి ఘాతానికీ ఒకటి కలిపి హెచ్చించాలి. ఘాతాలు 2, 2, 1. కాబట్టి 3 × 3 × 2 = 18. అవేమిటో రాయడం కూడా తేలికే. 3, 17లతో మాత్రమే వచ్చేవి తొమ్మిది: 1, 3, 9, 17, 51, 153, 289, 867, 2601. వీటిలో ఒక్కోదాన్ని 3,79,721తో హెచ్చిస్తే మిగతా తొమ్మిది. గమనించండి, 2601కీ 3,79,721కీ మధ్య ఒక్క భాజకం కూడా లేదు. నడుమ అంత పెద్ద ఖాళీ.

భాజకాల మొత్తం కావాలంటే ఒక్కో కారణాంకానికి చిన్న మొత్తం కట్టి హెచ్చించండి. 1 + 3 + 9 = 13. 1 + 17 + 289 = 307. 1 + 3,79,721 = 3,79,722. ఈ మూడింటి లబ్ధం 151,54,70,502. ఇందులోంచి అసలు సంఖ్యను తీసేస్తే 52,78,16,181. అంటే తనను మినహాయించి మిగిలిన భాజకాలన్నీ కలిపినా సంఖ్యలో సగానికి కొంచెం పైనే వస్తుంది. 6 లాంటి పరిపూర్ణ సంఖ్యల్లో (1 + 2 + 3 = 6) ఈ మొత్తం సరిగ్గా సంఖ్యతో సమానం. మనది లోటు సంఖ్య.

1 నుంచి 98,76,54,321 దాకా ఉన్నవాటిలో దీనితో 1 తప్ప వేరే ఉమ్మడి కారణాంకం లేనివి ఎన్ని? ముందు 3 గుణిజాలు తీసేయాలి, అంటే మూడింట రెండు వంతులు మిగులుతాయి: 65,84,36,214. తర్వాత 17 గుణిజాలు, పదిహేడింట పదహారు వంతులు మిగులుతాయి: 61,97,04,672. చివరగా 3,79,721 గుణిజాలు. అవి 1,632 మాత్రమే పోతాయి. జవాబు 61,97,03,040.

ఆరో మెట్టు: రెండు వర్గాల మొత్తంగా

3,79,721 కోసం చేసిన పని ఇక్కడ మళ్లీ ఉపయోగపడుతుంది. 3² × 17² అంటే 51². కాబట్టి 611నూ 80నూ 51తో హెచ్చిస్తే చాలు:

31,161² + 4,080² = 97,10,07,921 + 1,66,46,400 = 98,76,54,321.

నోటుబుక్కులో ఈ కూడిక చేసి, కుడి నుంచి 1, 2, 3, 4 అంటూ అంకెలు ఒక్కొక్కటే పడుతుంటే చూడండి. ఆ ఆనందం కోసమైనా ఈ లెక్క చేతితో చేయాలంటాను.

ఇంకా దారులున్నాయి. 17² = 15² + 8². రెండు వర్గాల మొత్తాలను హెచ్చిస్తే మళ్లీ రెండు వర్గాల మొత్తమే వస్తుంది. బ్రహ్మగుప్తుడు 628లో ఇంకా విస్తృతంగా చెప్పిన నియమంలో ఇది ఒక భాగం. (15, 8), (611, 80) తీసుకోండి. 15 × 611 = 9165, 8 × 80 = 640, 15 × 80 = 1200, 8 × 611 = 4888. మొదటి రెండింటి తేడా 8525, చివరి రెండింటి మొత్తం 6088. లేదా మొదటి రెండింటి మొత్తం 9805, చివరి రెండింటి తేడా 3688. మిగిలిన 3²లోని 3తో అన్నింటినీ హెచ్చిస్తే:

25,575² + 18,264²
29,415² + 11,064²

రెండూ 98,76,54,321 అవుతాయి. మొత్తం మూడు రకాలు, నాలుగోది లేదు.

ఏడో మెట్టు: తిరగేసిన కవల

అంకెలు తిరగేస్తే 12,34,56,789. ఈ రెండింటి గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం) కనుక్కోండి. పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తే 8 సార్లు పోయి సరిగ్గా 9 మిగులుతుంది. ఆ 9 చిన్నదాన్ని నిశ్శేషంగా భాగిస్తుంది. అంతే, వచ్చిన శేషంతో మళ్లీ భాగిస్తూ పోయే యూక్లిడ్ పద్ధతి రెండు అడుగుల్లో ముగిసింది: గ.సా.భా. 9. కాలిక్యులేటర్లో ఒకదాన్ని మరోదానితో భాగిస్తే 8.0000000729 అని రావడానికి కారణం కూడా ఆ మిగిలిన 9 మాత్రమే. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే 86,41,97,532. అందులోనూ 1 నుంచి 9 దాకా అన్ని అంకెలూ ఒక్కోసారి ఉన్నాయి.

సరిచూసుకోవడం

పెద్ద గుణకారాలు చేశాక 9తో శేషం చూసే అలవాటు చాలామందికి ఉంటుంది. అంకెలు తారుమారైతే ఆ పరీక్ష పట్టుకోలేదు, ఎందుకంటే అంకెల మొత్తం మారదు. అందుకని 11తో కూడా చూడండి. కుడి నుంచి ఒక అంకె కలుపుతూ ఒకటి తీసేస్తూ పోతే మన సంఖ్యకు శేషం 5. 31,161కి 1 − 6 + 1 − 1 + 3 = −2, దాని వర్గం 4. 4,080కి 0 − 8 + 0 − 4 = −12, అంటే −1, దాని వర్గం 1. 4 + 1 = 5. సరిపోయింది. మిగతా రెండు జతలకూ ఇలాగే చూడండి.

ఇక మీరు సొంతంగా చేయడానికి ఆ కవల 12,34,56,789 ఉంది. కారణాంకాలు చెప్పేస్తాను, 3² × 3607 × 3803. 4తో భాగిస్తే దీనికీ శేషం 1 వస్తుంది కదా అని రెండు వర్గాల కోసం వెతకడం మొదలుపెట్టకండి, దొరకవు. 3607, 3803లను విడివిడిగా 4తో భాగించి చూడండి.